అప్‌డేట్: నాన్నకు మందు మార్చారు

ఇంతకుముందు అడిగాను కదా, సీఎంఎల్‌ అనే బ్లడ్ క్యాన్సర్‌కి ఇన్నేళ్లూ బాగా పనిచేసిన ఇమాటినిబ్ నాన్నకు ఇక పనిచేయడం లేదు, రక్తంలో ఈ క్యాన్సర్ ఎంతుందో చెప్పే బీసీఆర్-ఏబీఎల్ శాతం పెరుగుతోంది, మందు మారుస్తారంటే భయంగా ఉందని. ధైర్యం చెప్పిన అందరికీ థ్యాంక్స్ అండీ.

మ్యుటేషన్ టెస్ట్ చేయించమన్న సలహా బాగా పనికొచ్చింది. గుంటూరులో మా డాక్టరుగారూ అదే అన్నారు. క్యాన్సర్ జన్యువులో టీ315ఐ అనే మార్పు ఉంటే, ఇమాటినిబ్ బదులు ఇచ్చే నిలోటినిబ్, డాసాటినిబ్ మందులు రెండూ పనిచేయవట. అది లేదని రిపోర్ట్ వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. ఈసీజీ, పొటాషియం చూసి నిలోటినిబ్ మొదలుపెట్టారు. ఈ మందు గుండె లయను దెబ్బతీసే అవకాశం ఉందట, అందుకని.

అసలు కష్టం తిండి దగ్గరే. ఇమాటినిబ్ అయితే అన్నం తిన్నాక పెద్ద గ్లాసుడు నీళ్లతో వేసుకునేవారు. ఇది పూర్తిగా రివర్స్. మాత్రకు ముందు 2 గంటలు, తర్వాత గంట ఏమీ తినకూడదు. అదీ రోజుకు రెండుసార్లు, 12 గంటల తేడాతో. తిని వేసుకుంటే మందు రక్తంలోకి ఎక్కువగా చేరుతుంది, అది ప్రమాదం. కాఫీ పడందే నాన్నకు తెల్లారదు. ఇప్పుడు లేవగానే మాత్ర, ఆ గంటసేపూ గడియారం చూస్తూ వంటింటి గుమ్మం దగ్గర పచార్లు. సాయంత్రం బజ్జీల టైమ్‌కి అమ్మతో రోజూ పేచీ!

దురద, తలనొప్పి ఉన్నాయి గానీ తట్టుకుంటున్నారు. షుగర్ కొంచెం పెరిగింది, గమనిస్తున్నారు. 3 నెలలకు మళ్లీ పీసీఆర్, అంటే ఆ బీసీఆర్-ఏబీఎల్ శాతం చూసే రక్తపరీక్ష. అప్పటిదాకా టెన్షన్ తప్పదు. నిలోటినిబ్ వాడేవాళ్లు రాత్రి మాత్ర ఎన్నింటికి వేసుకుంటున్నారో కాస్త చెప్పండి.