పాత మిలిటరీ ట్రక్కు మీటర్లు: కొత్తవి కొనాలా, ఉన్నవే బాగుచేసుకోవాలా?

ఆస్టిన్ ట్రక్కు
అందరికీ నమస్తే. టెక్సస్‌లో ఉంటాను. పోయినేడాది ఒక ఎం35ఎ2 కొన్నాను. అమెరికా సైన్యం వాళ్లు ‘డ్యూస్ అండ్ ఎ హాఫ్’ అని పిలుచుకునే రెండున్నర టన్నుల ట్రక్కు. ఇంజను, బ్రేకుల పని అయిపోయింది. మీటర్ల దగ్గరే ఆగిపోయాను. ట్యాంకులో డీజిల్ సగమే ఉన్నా ఫ్యూయల్ ముల్లు ఫుల్ గీత దాటి అక్కడే కూర్చుంటోంది. స్పీడోమీటరు ముల్లు 30 మైళ్ల దగ్గర వణుకుతోంది. కొత్త సెట్ కొనేయమని ఫ్రెండ్స్ అంటున్నారు, నాకు మనసొప్పడం లేదు. స్పేరుగా ఉంటుందని సంతలో 1950ల నాటి స్పీడోమీటరు ఒకటి తెచ్చాను. అంకెల మీద మెరిసే రంగు గోధుమ రంగుకు తిరిగింది. విప్పి మళ్లీ రంగు వేద్దామనుకుంటున్నాను.

జెర్సీ డీజిల్
తమ్ముడూ, ఇప్పుడే ఏమీ కొనకు. స్విచ్ ఆన్ చేసి, ఫ్యూయల్ మీటరు వెనక 28 అని చిన్న బిళ్ల ఉన్న వైరు ఊడదీయి. ముల్లు ఫుల్ దాటాలి. ఆ వైరు ఊడిన చోటి నుంచి ముక్క వైరుతో బాడీకి తాకిస్తే ముల్లు ఖాళీకి పడిపోవాలి. రెండూ జరిగితే మీటరు బాగున్నట్టే. 27 జోలికి మాత్రం పోకు. అది 24 వోల్టుల సప్లై, బాడీకి తగిలిందా, వైరింగ్‌కే ఎసరు.

ఆ తర్వాత ట్యాంకు మీది ఫ్లోటు యూనిట్ చూడు, డీజిల్ ఎంతుందో మీటరుకు చెప్పేది అదే. ఖాళీకి దాదాపు సున్నా, ఫుల్‌కు 30 ఓములు చూపించాలి. నేనైతే ఇదేమీ చూడకుండా మూడు మీటర్లు మార్చాను. చివరికి చూస్తే ఫ్లోటు స్క్రూల కింద ఎవరో పచ్చ పెయింటు మందంగా కొట్టారు, ఎర్త్ అందడం లేదు. గరుకు కాగితంతో ఐదు నిమిషాలు రుద్దితే సరిపోయింది. పాతవాటిలో మీటరు పోవడం తక్కువ, ఎర్త్ పోవడం ఎక్కువ.

సికింద్రాబాద్ మీటర్లు
స్పీడోమీటరు గురించి నేను చెప్తాను. మా బాబాయి దగ్గర లారీ మీటర్ల పని నేర్చుకున్నాను, జబల్పూర్‌లో తయారైన శక్తిమాన్ ఆర్మీ ట్రక్కులవి కూడా చేశాను. లోపల అయస్కాంతం తిరుగుతుంది, దాని మీద ఉన్న అల్యూమినియం గిన్నె తగలకుండానే దాని వెంట లాగబడుతుంది, సన్నటి స్ప్రింగు దాన్ని వెనక్కి పట్టుకుంటుంది. ముల్లు వణికితే ముందు కేబుల్‌నే అనుమానించాలి. లోపలి తీగ బయటికి లాగి, నేల మీద పెట్టి అరచేత్తో దొర్లించండి. ఎక్కడైనా ఎగిరిపడితే అక్కడ వంకర ఉన్నట్టు, ఇక మార్చాల్సిందే. సాఫీగా దొర్లితే తుడిచి గ్రీజు పల్చగా రాయండి.

డయల్‌ను థిన్నర్‌తో అస్సలు తుడవొద్దు. ఒక శక్తిమాన్ డయల్‌కు అలా చేస్తే అంకెలు గుడ్డకు అంటుకుని వచ్చేశాయి. ఇప్పటికీ ఆ బాధ పోలేదు.

ఫిజిక్స్ మేడమ్
ఆస్టిన్ గారూ, ఆ సంత స్పీడోమీటరు దయచేసి విప్పొద్దు. ఆ కాలపు సైనిక మీటర్లలో చాలావాటికి రేడియం అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన రంగు వేశారు. చీకట్లో మెరవడం లేదని ధైర్యపడకండి. చెడిపోయింది వెలుగునిచ్చే జింక్ సల్ఫైడ్ మాత్రమే. రేడియం-226 సగానికి తగ్గడానికే 1600 ఏళ్లు పడుతుంది. రంగు గీకితే లేచే పొడి ఊపిరితోనో గోళ్ల సందుల్లోంచో ఒంట్లోకి పోతే ఎముకల్లో చేరుతుంది. న్యూజెర్సీలోని ఆరెంజ్‌లో గడియారాల డయళ్లకు ఈ రంగు వేసిన ఆడపిల్లలు కుంచె మొనను పెదవులతో సన్నం చేసుకునేవారు. దవడ ఎముకలు కుళ్లి ఎంతమంది పోయారో! రేడియేషన్ కొలిచే గైగర్ కౌంటర్‌తో చూపించండి. అంతవరకు గట్టి కవర్లో పెట్టి, పిల్లలకు అందకుండా, గాలి ఆడేచోట ఉంచండి.

ఆస్టిన్ ట్రక్కు
అందరికీ చాలా థాంక్స్. మీటరు బాగానే ఉంది, ఫ్లోటు దగ్గర ఎర్త్ తీగ తుప్పు పట్టి తెగిపోయింది. కొత్త తీగ వేసి ట్యాంకులో క్యాన్‌తో డీజిల్ పోస్తుంటే, లోపల కూర్చున్న మా పాప ‘నాన్నా, ముల్లు కదులుతోంది’ అని కేక పెట్టింది. సంత స్పీడోమీటరు కవర్లో పెట్టి సీలు వేశాను, రాష్ట్ర రేడియేషన్ విభాగానికి ఫోన్ చేశాను. కేబుల్ బయటికి తీస్తే అంతా ఎర్రటి తుప్పు పొడి, అయినా వంకర లేదు. అన్నా, గ్రాఫైట్ గ్రీజు వాడొచ్చా?

సికింద్రాబాద్ మీటర్లు
వాడొచ్చు. మీటరు వైపు ఒక జానెడు మాత్రం పొడిగా వదిలెయ్యండి, లేకపోతే గ్రీజు పైకి పాకి గిన్నెకు పట్టేస్తుంది.