చెట్లమీద, రాళ్లమీద పెరిగే ఫెర్న్ – మన ఎండలకు ఎవరింట్లోనైనా బతికిందా?

కూకట్‌పల్లి బాల్కనీ:
మా అమ్మాయి హ్యూస్టన్‌లో ఉంటుంది. అక్కడ ఓక్ చెట్ల కొమ్మలమీద ఒక చిన్న ఫెర్న్ పరుచుకుని పెరుగుతుంది. వాన లేనప్పుడు ఆకులు ముడుచుకుని గోధుమరంగుకు తిరుగుతాయి, వాన పడితే మర్నాటికల్లా పచ్చగా విచ్చుకుంటాయి. రిసరెక్షన్ ఫెర్న్ అంటారట. ఈసారి వచ్చేటప్పుడు ఒక ముక్క తెమ్మందామా?

మేడతోట మల్కాజిగిరి:
వద్దండీ. మొక్క తేవాలంటే ఇంపోర్ట్ పర్మిట్, మొక్కకి తెగులూ పురుగూ లేవని అక్కడివాళ్లిచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ కావాలి. పిల్లకి ఎయిర్‌పోర్టులో లేనిపోని టెన్షన్. ఒంట్లో నీరు 95 శాతం పోయినా ఆ మొక్క చావదన్నది నిజమే. కానీ అది చెట్టు నీడలో, తేమగాలిలో ఉండే మొక్క. మే నెలలో మన పడమటి గోడ సెగ వేరే సంగతి.
అదే మోజు తీరాలంటే డ్రైనేరియా అనే ఫెర్న్ పెట్టుకోండి. మన తూర్పు కనుమల్లో రాళ్లమీద, చెట్లమీద పెరిగేదే. అడవిలో పీక్కురాకుండా నర్సరీలోనే కొనండి.

నల్లగండ్ల నుంచి:
మాకు నర్సరీలో డ్రైనేరియాని ఎర్రమట్టి కుండీలో పూడ్చి ఇచ్చారు. వానాకాలం వచ్చేసరికి దుంప మెత్తబడింది. పైగా సగం ఆకులు ఎండిపోయి అట్టముక్కల్లా ఉన్నాయి. కత్తిరించేయనా?

మేడతోట మల్కాజిగిరి:
ఆగండాగండి! అడుగున దుంపకి అతుక్కుని, కాడ లేకుండా వెడల్పుగా ఉన్నవేనా? వాటి తీరే అంత, ఎండినా రాలవు. రాలిన చెత్తంతా వాటి వెనక చేరి కుళ్లుతుంది, మొక్కకి అదే ఎరువు. పొడుగు కాడల పచ్చాకులు మాత్రం ఎండాకాలంలో రాలొచ్చు. దుంప గట్టిగా ఉంటే వానలకి మళ్లీ చిగురేస్తుంది.
మీరు ముందు దాన్ని మట్టిలోంచి తీయండి. మెత్తబడిన భాగం కోసేసి, మిగతాది చెక్కమీద కొబ్బరిపీచు వేసి కట్టండి. బొచ్చు బొచ్చుగా ఉండే ఆ దుంప ఎప్పుడూ గాలికి పైకే కనపడాలి. ఈ జాతి ఫెర్న్‌లు ఎండకి పోయేకంటే పూడ్చడంవల్ల పోయేవే ఎక్కువ.

సైనిక్‌పురి:
మామిడిచెట్టుకి కట్టాను. మా అత్తయ్యగారు అది బదనిక, చెట్టుని తినేస్తుంది, పీకెయ్యమని ఒకటే గొడవ.

మేడతోట మల్కాజిగిరి:
బదనిక వేళ్లు కొమ్మ లోపలికి దిగి రసం పీలుస్తాయి. ఇది బెరడుని పట్టుకుని కూర్చుంటుందంతే. ఒకసారి కొంచెం లేపి చూపించండి, కింద బెరడు చెక్కుచెదరదు.

నల్లగండ్ల నుంచి:
ఇంకొకటి. ఆకు వెనక వరసగా గోధుమరంగు చుక్కలున్నాయి. పొలుసు పురుగా? వేపనూనె కొట్టనా?

సైనిక్‌పురి:
గోరుతో గీకి చూడండి. పొడిలా రాలితే సిద్ధబీజాలు (ఫెర్న్‌కి విత్తనాల్లాంటివి), వదిలేయండి. పురుగైతే వరసగా ఉండదు, జిగురు కూడా ఉంటుంది.

అల్వాల్ అన్న:
నీళ్ల సంగతి ఎవరూ చెప్పలేదేంటి? మా బోరు నీళ్లకి ఆకుల అంచులు మాడిపోయేవి. ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి పోస్తున్నా, ఇప్పుడు బాగుంది. ఆర్వో వదిలేసే నీళ్లు మాత్రం పోయకండి, అందులో ఉప్పు మరీ ఎక్కువ.
కూకట్‌పల్లి మేడమ్, ఎండి మళ్లీ లేచే ఫెర్న్ చూడాలంటే హ్యూస్టన్ దాకా ఎందుకు? దక్కన్ రాళ్ల సందుల్లో, పాత గోడల్లో మయూరశిఖ ఉంటుంది. జానెడు కూడా ఉండదు, విసనకర్రలా ఉంటుంది. వేసవిలో ముడుచుకుపోయి, తొలకరికి తెరుచుకుంటుంది.

కూకట్‌పల్లి బాల్కనీ:
అమ్మాయికి వద్దని మెసేజ్ పెట్టేశా. డ్రైనేరియాకి చెక్క ఎక్కడ దొరుకుతుంది?

అల్వాల్ అన్న:
ఏ కార్పెంటర్ షాపులో అడిగినా టేకు ముక్క ఇస్తారు. పాలిష్ పట్టనిది తీసుకోండి.