ఇగ్నిషన్ లాక్ మార్చాక సెల్ఫ్ సరిగా తిరగడం లేదు: తప్పు కొత్త సిలిండర్‌దా, పాత స్టీరింగ్ కాలమ్‌దా?

పాతబండి:
బండి 1983 ఫోర్డ్ ఎఫ్-150 పికప్, టిల్ట్ కాలమ్ (పైకీ కిందికీ వంచగలిగే స్టీరింగ్ గొట్టం), ఆటోమేటిక్ గేర్లు. అరిగిపోయిన లాక్ సిలిండర్ (తాళంచెవి దూర్చే ముక్క) తీసేసి కొత్తది వేయడమైంది. తాళంచెవి అన్ని స్థానాలకూ తిరుగుతోంది. స్టార్ట్ దాకా తిప్పితే మాత్రం ఒకసారి సెల్ఫ్ అందుకుంటుంది, మరోసారి చిన్న క్లిక్ కూడా వినపడదు. బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తోంది, టెర్మినళ్లు శుభ్రంగానే ఉన్నాయి. నా వాదన ఒక్కటే: మార్చింది సిలిండర్ని, గొడవ మొదలైంది ఆ తర్వాతే, కాబట్టి లోపం సిలిండర్‌లోనే ఉంది. వేరే కంపెనీది వేసి చూడాలి. కాదంటే కారణం చెప్పండి.

రెంచి:
కాదనే అంటాను. ఈ బండిలో సిలిండర్‌కి కరెంటుతో సంబంధమే లేదు. సిలిండర్ గేర్‌ని తిప్పుతుంది, గేర్ పళ్లున్న యాక్చువేటర్‌ని జరుపుతుంది, యాక్చువేటర్ పొడవాటి రాడ్‌ని లాగుతుంది, ఆ రాడ్ చివర కాలమ్ కింది భాగంలో, పైవైపున కూర్చున్న స్విచ్‌లో స్లైడర్ కదులుతుంది. కాంటాక్టులన్నీ అక్కడే. మీ చెయ్యి స్టార్ట్ దాకా వెళ్లినా స్లైడర్ అంతదాకా వెళ్లిందని అర్థం కాదు. ఆ స్విచ్ రెండు నట్లతో, పొడుగు రంధ్రాల్లో బిగించి ఉంటుంది. పని చేసేటప్పుడు కాలమ్‌ని కిందికి దించి ఉంటే అది రెండు మిల్లీమీటర్లు జరగడం చాలా తేలిక. అంత జరిగితే చాలు, స్టార్ట్ కాంటాక్టు అందీ అందకుండా ఉంటుంది.

సర్దే పద్ధతి: బ్యాటరీ నెగటివ్ తీసేయండి, తాళంచెవిని లాక్ స్థానానికి తిప్పండి, స్విచ్‌ని కూడా లాక్ స్థానంలో నిలపండి (కొత్త స్విచ్‌కి ఇందుకోసమే ప్లాస్టిక్ పిన్ను పెట్టి ఇస్తారు), రాడ్ ఎక్కించి, నట్లు బిగించి, ఆ తర్వాతే పిన్ను తీయండి. పిన్ను తీయడం మరిచి తాళం తిప్పితే విరిగేది అదొక్కటే కాదు.

తాళంపని:
రెంచి గారు స్విచ్ మీదికి తొందరగా వెళ్లిపోయారు. అంతకుముందు సిలిండర్ సరిగా కూర్చుందా అన్నది చూడాలి. ఈ మోడళ్లలో తీయడమైనా పెట్టడమైనా తాళంచెవి రన్‌లో (ఇంజను నడిచేటప్పుడు ఉండే స్థానంలో) ఉండగానే జరగాలి. కింది కవర్ తీసి, సిలిండర్ చుట్టూ ఉన్న పోత లోహపు భాగంలో కనిపించే చిన్న రంధ్రంలోంచి 3 మిల్లీమీటర్ల పంచ్‌తో పిన్ను నొక్కితే పాతది జారి వస్తుంది. కొత్తదాన్ని రన్‌లోనే ఉంచి, పిన్ను నొక్కి లోపలికి తోసి, పూర్తిగా అడుగు తగిలాక తాళంచెవిని ఆఫ్‌కి తిప్పాలి. అప్పుడే పిన్ను రంధ్రంలోకి పొడుచుకొస్తుంది. చెవి పట్టుకుని గట్టిగా లాగినా సిలిండర్ కదలకూడదు. సగమే కూర్చుంటే వెనకున్న గేర్‌ని అంచుతో పట్టుకుని తిప్పుతుంది, ఒక్కోసారి జారుతుంది. మీరు చెప్పే లక్షణం అచ్చం ఇదే.

తోసేటప్పుడు గేర్ ఒక పన్ను పక్కకి జరిగితే, స్థానాలన్నీ ఒక మెట్టు తప్పుతాయి. సుత్తితో తట్టి కూర్చోబెట్టే పని మాత్రం వద్దు.

మల్టీమీటర్:
ముగ్గురూ ఊహలే రాస్తున్నారు. కొలిస్తే పది నిమిషాల్లో తేలుతుంది. ఫెండర్ లోపలివైపున్న స్టార్టర్ రిలేకి (సెల్ఫ్‌కి కరెంటు వదిలే స్విచ్‌కి) 'ఎస్' అనే చిన్న టెర్మినల్ ఉంటుంది. మీటరు ఎర్ర వైరు దానికి, నల్లది బ్యాటరీ నెగటివ్‌కి. ఒకరు తాళం స్టార్ట్‌లో పట్టుకోవాలి. అక్కడ 11 వోల్టుల దాకా వస్తూ కూడా రిలే పలకకపోతే రిలే లేదా దాని ఎర్త్ పోయింది, లాక్‌ని తిట్టి లాభం లేదు. ఏమీ రాకపోతే గేరు పార్క్ నుంచి న్యూట్రల్‌కి మార్చి మళ్లీ తిప్పండి. అప్పుడు వస్తే న్యూట్రల్ సేఫ్టీ స్విచ్ (గేరు పార్క్‌లోనో న్యూట్రల్‌లోనో ఉంటేనే సెల్ఫ్ తిరగనిచ్చేది) తప్పింది.

రెండుచోట్లా రాకపోతే అసలు పరీక్ష. చక్రాలకి అడ్డం పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరు పార్క్‌లో ఉంచి, స్విచ్ నట్లు తీసి రాడ్ నుంచి విడదీయండి. వైర్ల ప్లగ్గు తగిలించే ఉంచి, స్లైడర్‌ని సన్న స్క్రూడ్రైవర్‌తో స్టార్ట్ దాకా జరపండి. ప్రతిసారీ సెల్ఫ్ తిరిగితే స్విచ్, వైరింగ్ బాగున్నట్టే, లోపం పైనున్న ఇనుములో. అప్పుడప్పుడే తిరిగితే స్విచ్ కాంటాక్టులు కాలిపోయాయి.

రెంచి:
ఆ పరీక్షతో నాకు పేచీ లేదు. ఒక్క మాట కలుపుతాను: సెల్ఫ్ ఆగకుండా తిరుగుతూనే ఉంటే వెంటనే 'ఎస్' వైరు పీకండి. ఆగితే స్విచ్ ఇంకా కరెంటు ఇస్తోంది, అంటే సర్దుబాటు తప్పింది. ఆగకపోతే రిలే లోపల కాంటాక్టులు అతుక్కున్నాయి, బ్యాటరీ వైరు తీయాల్సిందే. ఇంజను అందుకుని, చెయ్యి వదలగానే చచ్చిపోతే రన్ కాంటాక్టు దగ్గర వెతకాలి. తాళం రన్‌లో ఉంచి ఇగ్నిషన్ కాయిల్ (స్పార్క్‌కి కరెంటు ఇచ్చేది) పాజిటివ్ దగ్గర కొలవండి. సున్నా చూపిస్తే కాయిల్‌కి కరెంటే వెళ్లడం లేదు.

పాతబండి:
చెప్పినట్టే చూశాను. 'ఎస్' దగ్గర ఏమీ రావడం లేదు, న్యూట్రల్‌లోనూ అంతే. స్లైడర్‌ని చేత్తో జరిపితే పదికి పదిసార్లూ సెల్ఫ్ తిరిగింది. సిలిండర్‌ని లాగి చూశాను, కదలడం లేదు. ఇప్పుడు నా మాటే నిలిచింది కదా, లోపం పైనే ఉంది.

తాళంపని:
పైన ఉన్నది సిలిండర్ ఒక్కటే కాదు. టిల్ట్ కాలమ్‌లో యాక్చువేటర్ కీలు దగ్గర అతికిన రెండు ముక్కలు, పోత లోహం. అరిగిన సిలిండర్‌తో చాలాకాలం బలవంతంగా తిప్పిన కాలమ్‌లో అది చీలడం మామూలే. స్విచ్‌ని రాడ్‌కి మళ్లీ తగిలించి, సర్ది, టిల్ట్‌ని పూర్తిగా పైకెత్తి ఒకసారి, పూర్తిగా దించి ఒకసారి తాళం తిప్పండి. ఒక కోణంలోనే పనిచేస్తే అది యాక్చువేటరే. ఏ కోణంలోనైనా ఒకేలా మొరాయిస్తే, సిలిండర్ తీసి పాతదాని పక్కన పెట్టి, చివరి నాలుక పొడవు కాలిపర్స్‌తో కొలవండి. తేడా కనిపిస్తే అప్పుడు మీ వాదన ఒప్పుకుంటాను.

మల్టీమీటర్:
యాక్చువేటర్ అని తేలితే స్క్రూడ్రైవర్‌తోనో, పుష్ బటన్ పెట్టో నడిపేద్దామని అనుకోవద్దు. ఈ సలహా చాలామంది ఇస్తారు, నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. స్టీరింగ్‌ని బిగించే లాక్ కూడా ఆ యాక్చువేటర్‌తోనే కదులుతుంది. విరిగిన ముక్క ఎటు జారుతుందో నమ్మలేం. ముక్క మార్చేదాకా బండి కదలకూడదు.

పాతబండి:
టిల్ట్ పైకి ఎత్తితే ప్రతిసారీ తిరుగుతోంది, దించితే ఒక్కసారి కూడా లేదు. కాలిపర్స్ అవసరం రాలేదు. సిలిండర్ అలాగే ఉంచి యాక్చువేటర్ మారుస్తున్నాను. అక్కడ గ్రాఫైట్ పొడి వేయొచ్చా?

తాళంపని:
యాక్చువేటర్ పళ్లకి పలుచగా తెల్ల లిథియం గ్రీజు రాయండి. తాళంచెవి రంధ్రంలో గ్రాఫైట్ చిటికెడు చాలు, గ్రీజు వద్దు, దుమ్ము పట్టి లోపలి పలకలు బిగుసుకుంటాయి. కరెంటు స్విచ్ సిలిండర్ వెనకే అతుక్కుని ఉండే బండ్లలో మాత్రం గ్రాఫైట్ కూడా వద్దు, అది కరెంటును మోస్తుంది.