ఫిజికల్ సైన్స్ టీచర్ పోస్టుకు రెజ్యూమె: 'అనుభవం' దగ్గర ఏం రాయాలి?

స్వర్ణముఖి_తీరం
నమస్తే అండి. ఎంపీసీతో బీఎస్సీ, ఫిజికల్ సైన్స్ మెథడాలజీతో బీఈడీ అయింది. టెట్ (టీచర్ అర్హత పరీక్ష) పేపర్ 2ఏ క్వాలిఫై అయ్యాను. జూన్‌లో బడులు తెరిచేలోగా తిరుపతి, చిత్తూరు ప్రైవేట్ స్కూళ్లలో, వీలైతే సీబీఎస్ఈ స్కూళ్లలో ఇద్దామని నెట్ సెంటర్‌లో రెజ్యూమె చేయించాను. పైన నాలుగు లైన్ల ఆబ్జెక్టివ్, కింద చదువుల టేబుల్, హాబీలు, చివర డిక్లరేషన్. ఇంటర్న్‌షిప్ తప్ప బడిలో పనిచేసింది లేదు కాబట్టి ఎక్స్‌పీరియన్స్ దగ్గర 'నిల్' అని ఉంది. ఇచ్చిన చోటల్లా ఫోన్ చేస్తామంటారు, చేయరు. ఎక్కడ మార్చాలి?

కట్టమంచి_మాస్టారు
ముందు ఆ 'నిల్' తీసేయమ్మా. రెండేళ్ల బీఈడీలో 20 వారాలు బడికి సంబంధించిన పనే, అందులో 16 వారాలు రెండో ఏడాది ఇంటర్న్‌షిప్. దాన్ని సున్నా అని నువ్వే రాసిస్తే చదివేవాళ్లకు వేరే పనేముంది?

ఆబ్జెక్టివ్ కూడా తీసేయాల. 'సవాళ్లతో కూడిన వాతావరణంలో నా నైపుణ్యాలను...' అనేది నెట్ సెంటర్ కంప్యూటర్లో ఎప్పటినుంచో పడి ఉన్న ఫైలు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికీ అదే, స్కూలుకూ అదే. ప్రిన్సిపాల్ ముందు ఉండేది టైంటేబుల్. 9, 10 తరగతుల ఫిజిక్స్ పీరియడ్లు ఖాళీ ఉన్నాయి, ఎవరిని వేయాల అని చూస్తుంటాడు. పేరు, ఫోన్ నంబర్ కిందే ఆయనకు జవాబు దొరకాల: 'ఫిజికల్ సైన్స్, 6 నుంచి 10 వరకు, ఇంగ్లీష్ మీడియం, 8 వరకు మ్యాథ్స్ కూడా చెప్పగలను, టెట్ 2ఏ, ఉండేది తిరుచానూరు, జూన్ 1 నుంచి చేరగలను.' ఇంతే, రెండు లైన్లు. రెండో సబ్జెక్ట్ రాయడం మరవొద్దు. చిన్న స్కూళ్లలో ఒకే టీచర్‌తో రెండూ చెప్పించుకుంటారు, నీకు మెథడాలజీ రెండోది మ్యాథ్సే అయితే ఇంకా మేలు.

ఇక ఇంటర్న్‌షిప్. 'జెడ్పీ హైస్కూల్లో బోధనాభ్యాసం చేశాను' అంటే సరిపోదు. నీ రికార్డులు బయటికి తియ్యి. లెసన్ ప్లాన్ రికార్డు, అచీవ్‌మెంట్ టెస్ట్ రికార్డు, యాక్షన్ రిసర్చ్, కేస్ స్టడీ, అన్నీ ఉంటాయి కదా. రాయాల్సిన సరుకంతా అందులోనే ఉంది. ఇట్లా ఉండాల:

'10వ తరగతి, ఇంగ్లీష్ మీడియం, 38 మంది. విద్యుత్ యూనిట్ 12 పీరియడ్లు. ఓం నియమం ప్రయోగం గుంపులవారీగా చేయించాను. యూనిట్ టెస్ట్ 25 మార్కులకు. ముందు సగటు 11, తర్వాత 16.'

అంకెలు నమూనాకు వేసినవి, నీ రికార్డులో ఉన్నవే వేసుకో. పెంచి రాస్తే రికార్డు తెమ్మన్నప్పుడు దొరికిపోతావు. ఇట్లాంటివి మూడు చాలు. అంతా కలిపి ఒక్క పేజీ, అక్షరం సైజు 11.

బైరాగిపట్టెడ
మాస్టారు చెప్పింది నిజమే. టెట్ దగ్గర 'క్వాలిఫైడ్' అని వదిలేయకండి. ఏ పేపర్, 150కి ఎన్ని మార్కులు, ఏ నెల, ఏ సంవత్సరం, ఇవన్నీ ఉండాలి. సర్టిఫికెట్ ఇప్పుడు జీవితకాలం చెల్లుతుంది కాబట్టి పాతదైనా ఫర్వాలేదు. సీబీఎస్ఈ స్కూళ్లకు ఇచ్చే కాపీలో 'టీజీటీ సైన్స్' అని రాయండి, హైస్కూల్ తరగతుల టీచర్‌కు వాళ్లు వాడే మాట అదే. పీజీ లేకుండా పీజీటీకి (11, 12 తరగతుల టీచర్ పోస్టు) పెట్టకండి, పక్కన పడేస్తారు.

పదో తరగతిలో జీపీఏ వచ్చి ఉంటే 9.2/10 అని ఉన్నదున్నట్టు రాయండి. దాన్ని శాతంగా మారిస్తే మెమోతో సరిపోలక అనుమానం వస్తుంది. పేరు కూడా పదో తరగతి మెమోలో ఎలా ఉందో అలాగే ఉండాలి. పెళ్లయ్యాక ఆధార్‌లో ఇంటిపేరు మారినవాళ్లు ఈ ఒక్కచోట బాగా ఇబ్బంది పడతారు.

భాషల లైను మన జిల్లాల్లో పని చేస్తుంది. నగరి, సత్యవేడు వైపు తమిళం, పలమనేరు వైపు కన్నడం, కుప్పంలో రెండూ ఇళ్లలో మాట్లాడే పిల్లలుంటారు. తమిళం మాట్లాడటం మాత్రమే వస్తే 'మాట్లాడగలను' అనే రాయండి, చదవడం, రాయడం కలపకండి. హాబీలు, డిక్లరేషన్ తీసేస్తే వీటన్నిటికీ చోటు దొరుకుతుంది. ఫోటో విషయంలో మాత్రం ఇక్కడి స్కూళ్లు అడుగుతాయి, ఒకటి పెట్టండి. ఆధార్ నంబర్, డోర్ నంబర్ వద్దు. ఆ కాగితం ఎవరి చేతిలో తిరుగుతుందో తెలీదు.

కేంద్రీయ విద్యాలయాల కాంట్రాక్ట్ పోస్టులకు వాక్-ఇన్ పడితే వాళ్ల ఫారమ్ వాళ్లదే, ఈ రెజ్యూమె అక్కడ నడవదు. డీఎస్సీకి (ప్రభుత్వ టీచర్ పోస్టుల భర్తీ పరీక్ష) అసలు అవసరమే లేదు.

స్వర్ణముఖి_తీరం
చాలా థ్యాంక్స్ సార్, అందరికీ. రెండేళ్లుగా ఇంట్లో ట్యూషన్లు చెబుతున్నాను. అది రాయొచ్చా? వాట్సాప్‌లో పంపమంటే ఏం పంపాలి?

చాక్‌పీస్
రాయండి, కానీ స్కూల్ సర్వీసుతో కలపకండి. విడిగా ఒక లైను: ఏ తరగతి, ఏ సబ్జెక్ట్, ఎంతమంది, ఎప్పటినుంచి. అనుభవంలో కలిపేస్తే సర్వీస్ సర్టిఫికెట్ అడుగుతారు, అప్పుడు మాట మార్చాల్సి వస్తుంది.

వాట్సాప్‌లో వర్డ్ ఫైలు పంపితే అవతలి ఫోన్లో టేబుల్ చెదిరిపోతుంది. పీడీఎఫ్ చేసి, ఫైలుకు మీ పేరు, సబ్జెక్ట్ పెట్టండి. 'రెజ్యూమె ఫైనల్ 2' అని వెళ్తే తర్వాత వెతికినా దొరకదు. పైన రెండు లైన్ల మెసేజ్: ఏ పోస్టుకు, ఎప్పుడు డెమో (వాళ్ల ముందు పాఠం చెప్పి చూపించడం) ఇవ్వగలరు.

ఇంకొకటి, రెజ్యూమెలో ఏ పాఠం రాస్తే డెమోకు అదే అడిగే అవకాశం ఎక్కువ. ఓం నియమం రాశారనుకోండి, అమ్మీటర్ శ్రేణిలో, ఓల్ట్‌మీటర్ సమాంతరంగా ఎందుకు కలుపుతామో తడబడకుండా చెప్పాలి. నైక్రోమ్ తీగ బదులు టార్చ్ బల్బు పెడితే గ్రాఫు సరళరేఖ రాదు. ఫిలమెంట్ వేడెక్కేకొద్దీ నిరోధం పెరుగుతుంది. వెనక కూర్చున్న సీనియర్ టీచర్ సరిగ్గా ఇక్కడే పట్టుకుంటారు. చెప్పలేని పాఠాన్ని రెజ్యూమెలోకి తేవద్దు.

కట్టమంచి_మాస్టారు
జీతం ఎంత కావాలో కాగితం మీద రాయొద్దమ్మా, డెమో అయినాక కరస్పాండెంట్‌తో మాట్లాడుకో. సర్టిఫికెట్లు జిరాక్సులే ఇయ్యి. ఒరిజినల్స్ చూపించి అక్కడే వెనక్కి తీసుకో. పెట్టిపొమ్మంటే ఏమేం తీసుకున్నారో స్టాంపు వేసి రాసిమ్మని అడుగు. రాసిచ్చేది కుదరదంటే ఆ బడి వద్దు.