సర్జరీ తర్వాత మొదటి చికెన్: బ్రెస్టా, తొడ మాంసమా?

మెత్తనిముద్ద
బరువు తగ్గడానికి పొట్టకి చేసే సర్జరీ స్లీవ్ (పొట్టలో చాలా భాగం తీసి గొట్టంలా మిగల్చడం) అయినా, బైపాస్ (పొట్టని చిన్న సంచిగా చేసి నేరుగా పేగుకి కలపడం) అయినా, మెత్తటి ఆహారం దశకి రాగానే డైట్ షీట్లలో ముందు కనబడేది "చర్మం తీసిన చికెన్ బ్రెస్ట్". కొవ్వు తక్కువ, ప్రొటీన్ ఎక్కువ, అందుకని అదే మేలంటారు. కానీ తిన్న రెండో ముద్దకే ఛాతీ మధ్యలో పట్టేసేదీ, నోట్లో నురగ తెప్పించేదీ ఎక్కువగా ఆ తెల్ల మాంసమే. నా వాదన సూటిగా చెప్తాను: మొదటి చికెన్ తొడ మాంసం కావాలి, బ్రెస్ట్ ఆ తర్వాత రావాలి. కాదనేవాళ్లు కారణాలు చెప్పండి. "ఎవరి ఒంటి తత్వం వాళ్లది" అని ఒక్క ముక్క రాసి వెళ్లకండి, దాంతో ఎవరికీ వంట రాదు.

గ్రాముల_లెక్క
నేను కాదంటాను. చర్మం లేకుండా వండిన బ్రెస్ట్ 100 గ్రాముల్లో ప్రొటీన్ దాదాపు 31 గ్రాములు, కొవ్వు 3, 4 గ్రాములు. అదే తొడలో ప్రొటీన్ 25 దగ్గర, కొవ్వు 8 నుంచి 10. రోజుకి 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ అందాలంటారు. పొట్టలో చోటేమో కొన్ని చెంచాలకే సరి. అంత ఇరుకులో కొవ్వుకి చోటిచ్చి ప్రొటీన్‌ని బయట నిలబెట్టడం ఏం లెక్క? పైగా తొడలో నరాలు, కొవ్వు పొరలు, కీలు దగ్గర మృదులాస్థి ఉంటాయి. సరిగా తీయకపోతే బ్రెస్ట్ కంటే ముందు అవే అడ్డం పడతాయి.

మెత్తనిముద్ద
మీ లెక్క 100 గ్రాముల మీద. ఆ దశలో ఒక పూట తినేది 30 గ్రాములుంటే గొప్ప. 30 గ్రాముల బ్రెస్ట్‌లో ప్రొటీన్ 9 గ్రాములు, తొడలో ఏడున్నర. తేడా గ్రామున్నర. పాలు పడేవాళ్లయితే పెద్ద చెంచా కొవ్వు తీసిన పాలపొడి కలిపితే అంతకు మించే వస్తుంది. తిన్నది లోపల నిలవకుండా పైకొచ్చేస్తే మీ 9 గ్రాములు సున్నా కింద లెక్క. నరాలు తీయాలన్న మాట మాత్రం నిజమే, దాంతో పేచీ లేదు.

పౌచ్_పాఠాలు
ఇద్దరూ మాంసం గురించే మాట్లాడుతున్నారు. అది వెళ్లి పడే చోటు గురించి కూడా చెప్పుకోవాలి.

మామూలు పొట్టలో కింది భాగం రుబ్బురోలు పని చేస్తుంది. మాంసాన్ని ఒకటి, రెండు మిల్లీమీటర్ల నలుసులయ్యేదాకా నలిపి, అప్పుడు పైలోరస్ (పొట్ట చివర పేగులోకి తెరుచుకునే ద్వారం) గుండా కిందికి వదులుతుంది. బైపాస్‌లో మిగిలే పౌచ్, అంటే ఆ చిన్న సంచి, సుమారు 30 మిల్లీలీటర్లు. రుబ్బే భాగం దారిలోనే ఉండదు. పౌచ్ నుంచి పేగులోకి వెళ్లే కొత్త ద్వారం సెంటీమీటరు, సెంటీమీటరున్నర వెడల్పు. మొదటి వారాల్లో వాపు వల్ల ఇంకా ఇరుకు. అంటే రుబ్బడమంతా పళ్లతోనే జరగాలి.

స్లీవ్ కథ వేరు. పొట్టలో 75 నుంచి 80 శాతం తీసేస్తారు, మిగిలే గొట్టంలో 100 నుంచి 150 మిల్లీలీటర్లు పడుతుంది. పైలోరస్ ఉంటుంది, రుబ్బే భాగం కొంత ఉంటుంది. కానీ సాగే గుణమున్న పైభాగం పోయింది కాబట్టి లోపల ఒత్తిడి ఎక్కువ. ఒక్క ముద్ద ఎక్కువైనా వెంటనే పైకి తంతుంది. అందుకే బైపాస్‌లో ముక్క సైజు తప్పితే ఇబ్బంది, స్లీవ్‌లో వేగం తప్పితే ఇబ్బంది అని చెప్పొచ్చు. ఏ భాగం మాంసమన్నది ఆ తర్వాతి సంగతి.

సన్నసెగ
తర్వాతి సంగతేమీ కాదండీ, వండే వాళ్లకి అదే మొదటి సంగతి. బ్రెస్ట్ ఎందుకు ఎండిపోతుందో తెలిస్తే సగం గొడవ తీరుతుంది.

కండలోని ప్రొటీన్లలో మయోసిన్ 50 డిగ్రీలు దాటాక గట్టిపడటం మొదలవుతుంది. ఆక్టిన్ 66 నుంచి 73 డిగ్రీల మధ్య బిగుసుకుంటుంది. అది బిగిసినప్పుడు కండ, తడిగుడ్డ పిండినట్టు నీళ్లు వదిలేస్తుంది. చికెన్ భద్రంగా ఉడకాలంటే ముక్క మధ్యలో 74 డిగ్రీలు రావాలి. అంటే బ్రెస్ట్‌కి ఉన్న వెసులుబాటు బహు తక్కువ. 74 దగ్గర దించితే తినొచ్చు, 85కి వెళ్తే పీచు. తొడలో కండని కట్టి ఉంచే కొల్లాజెన్ అనే ప్రొటీన్ ఎక్కువ. నిదానంగా, ఎక్కువసేపు ఉడికితే అది కరిగి జెలటిన్ అవుతుంది. కండ నీళ్లు వదిలినా ఆ జిగురు, కాస్త కొవ్వు కలిసి ముద్దని జారేలా ఉంచుతాయి. అందుకే తొడని 85, 90కి తీసుకెళ్లినా పాడవదు, ఇంకా బాగుంటుంది. వంట పొరపాట్లని తొడ క్షమిస్తుంది, బ్రెస్ట్ క్షమించదు. మెత్తనిముద్ద గారి వాదనకి అసలు బలం ఇక్కడుంది.

బ్రెస్టే కావాలంటే ఇలా చేయండి. పావు కిలో ముక్కకి రెండున్నర గ్రాముల ఉప్పు, అంటే అర చెంచాకి కాస్త తక్కువ, పట్టించి కనీసం గంట ఫ్రిజ్‌లో ఉంచాలి. ఉప్పు వల్ల కండ నీటిని పట్టుకుంటుంది. ముక్కని రెండు సెంటీమీటర్ల మందానికి చీల్చి, చల్లటి నీళ్లలో వేసి, సన్న సెగ మీద మెల్లగా వేడెక్కనివ్వాలి. అడుగున చిన్న బుడగలు కనబడాలి, తెర్లకూడదు. 10, 12 నిమిషాలకి మధ్యలో 74 వచ్చిందేమో చూసి, మంట ఆపి, ఆ నీళ్లలోనే ఐదు నిమిషాలు వదిలేయాలి. ఆ నీళ్లు పారబోయకండి, ప్యూరీకి అవే కావాలి.

తొడకి చర్మం, నరాలు, పసుపు కొవ్వు తీసేసి మూతపెట్టి 35, 40 నిమిషాలు సన్న సెగ మీద. ఫోర్కు గుచ్చి తిప్పితే విడిపోవాలి. కుక్కర్‌లో అయితే ప్రెషర్ వచ్చాక 10, 12 నిమిషాలు చాలు, ఆవిరి దానంతటది దిగాలి. బలవంతంగా వదిలితే ముక్కలోని నీరు కుతకుత ఉడికి బయటికొచ్చేస్తుంది. బ్రెస్ట్‌ని కుక్కర్‌లో వేయకండి. అంతే.

గ్రాముల_లెక్క
అంటే సమస్య బ్రెస్ట్‌ది కాదు, వంటది అని మీరే ఒప్పుకున్నట్టు కదా!

సన్నసెగ
సగమే. పచ్చిగా ఉన్నప్పుడే నొక్కితే గట్టిగా, చెక్కలా తగిలే బ్రెస్ట్‌లు ఉంటాయి. త్వరగా, భారీగా పెరిగిన కోళ్లలో వచ్చే కండ లోపం అది, తెల్ల చారలు కూడా కనబడతాయి. వాటిని ఎంత జాగ్రత్తగా వండినా పీచు పోదు. మధ్యస్థ సైజులో ఉండి, వేలితో నొక్కితే మెత్తగా లోపలికి వెళ్లే ముక్క తీసుకోవాలి. గట్టిది ఇంటికొచ్చేస్తే కీమా కొట్టించడమే దారి.

ఇంకో మాట. చికెన్‌ని చేత్తో పీకి పీచులుగా చేసి పెడితే మెత్తగా ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ ఆ పొడవాటి పోగులు నోట్లో చుట్టుకుని ఉండ కడతాయి, ద్వారం దగ్గర ఆ ఉండే ఇరుక్కుంటుంది. ముందు పీచుకి అడ్డంగా సెంటీమీటరు ముక్కలు కోసి, ఆ తర్వాత విడదీయండి. అప్పుడు ఏ పోగూ సెంటీమీటరు దాటదు.

తొందరేల
అసలు ఈ గొడవంతా ఎందుకు? గుడ్డు, పెరుగు, మెత్తటి చేప, పన్నీరు ఉండగా ఆ తొలి వారాల్లో చికెన్ తినాలన్న నియమం ఏ శాస్త్రంలోనూ లేదు. మేక, గొర్రె మాంసమంత కష్టం కాకపోయినా, చేపతో, గుడ్డుతో పోలిస్తే చికెన్ మొండిదే. రెండు వారాలు ద్రవాలు, ఆ తర్వాత ప్యూరీ, నాలుగైదు వారాలకి మెత్తటివి, ఎనిమిది వారాలకి మామూలు తిండి. ఇది సుమారు లెక్క, మీ సర్జన్ టీమ్ ఇచ్చిన షీట్‌దే తుది మాట. షీట్‌లో చికెన్ పేరుంటే అది అనుమతి, ఆజ్ఞ కాదు. ఒకసారి పట్టేస్తే రెండు వారాలు పక్కన పెట్టి మళ్లీ చూడండి. పోయేదేమీ లేదు.

మెత్తనిముద్ద
ఆగడం మంచిదే. కానీ రోజూ గుడ్డు, పెరుగుతోనే నెట్టుకొస్తే విసుగొచ్చి బిస్కెట్లు, చిప్స్ వైపు మళ్లేవాళ్లున్నారు. అవి నోట్లో కరిగి ఇబ్బంది లేకుండా దిగిపోతాయి, అదే ప్రమాదం. అందుకే చికెన్‌ని పూర్తిగా వదిలేయకుండా రూపం మార్చి తేవాలంటాను. ప్యూరీ కొలతలు ఎవరైనా చెప్పండి.

సన్నసెగ
వండిన తొడ మాంసం 100 గ్రాములు, ఉడికించిన నీళ్లు 60 నుంచి 80 మిల్లీలీటర్లు, పెరుగు పెద్ద చెంచా. మాంసం వేడిగా ఉండగానే మిక్సీలో వేయాలి. చల్లారితే జెలటిన్ గట్టిపడి ఇసుక ఇసుకగా వస్తుంది. పొడిగా తిప్పి తర్వాత నీళ్లు కలిపినా ఆ ఇసుక పోదు, నీళ్లు మొదట్లోనే పోయాలి. రెండు వేళ్ల మధ్య నలిపితే నలుసు తగలకూడదు. వేడి మిక్సీ మూత మాత్రం గట్టిగా బిగించేయకండి, కాస్త ఆవిరి పోయే సందు ఉంచండి.

తర్వాతి మెట్టు కీమా ఉండలు. పావు కిలో తొడ కీమాకి ఒక గుడ్డు, రెండు పెద్ద చెంచాల పెరుగు. చేత్తో కలిసేంత వరకే కలపాలి, ఉప్పు చివర్లో వేయాలి. ఉప్పేసి పిసికే కొద్దీ రబ్బరులా సాగుతుంది, సాసేజ్‌లు చేసేవాళ్లు కావాలని చేసేది అదే. రెండు సెంటీమీటర్ల ఉండలు చేసి మరుగుతున్న పులుసులో 8, 10 నిమిషాలు ఉడికిస్తే చాలు. వేయించకండి, పైన కట్టే గట్టి పెచ్చు నలగదు.

గ్రాముల_లెక్క
కీమా మాట వచ్చింది కాబట్టి: బ్రెస్ట్‌ని పీచుకి అడ్డంగా సన్నగా కోసి, పావు కిలోకి పావు చెంచా వంటసోడా, పెద్ద చెంచా నీళ్లు కలిపి 15 నిమిషాలుంచి, బాగా కడిగి వండితే పీచు బిగుసుకోదు. సోడా క్షారగుణం వల్ల ప్రొటీన్లు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోలేవు. సోడా ఎక్కువైతే సబ్బు వాసన, కడక్కపోయినా అంతే. బ్రెస్ట్‌ని పక్కన పెట్టేముందు ఇది ఒకసారి చూడండి.

చల్లటి_గిన్నె
వాసన సంగతి ఎవరూ ఎత్తలేదు. సర్జరీ తర్వాత రుచి, వాసన మారేవాళ్లు చాలామంది. చికెన్ ఉడికే వాసనకే వెగటు పుడితే ఎంత మెత్తగా ఉన్నా లోపలికి పోదు. వండిన చికెన్ మళ్లీ వేడి చేసినప్పుడు కొవ్వు ఆక్సీకరణ వల్ల వచ్చే ముతక వాసన మరీ ఘోరం. రెండుసార్లు వేడి చేస్తే తేమా పోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగానే, పెరుగుతోనో పల్చటి సాస్‌తోనో కలిపి తింటే వాసన తక్కువ. వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి, మూడు నాలుగు రోజుల్లో అయిపోవాలి. 30 గ్రాముల చొప్పున ఐస్ ట్రేలో గడ్డకట్టిస్తే పూటకి ఒకటి తీసుకోవచ్చు. వేడి చేస్తే మూతపెట్టి, చెంచా నీళ్లు చల్లి, ఒక్కసారే, 74 డిగ్రీలు తగిలేలా.

తొందరేల
పట్టేసినప్పుడు మాంసం మెత్తబరిచే పొడి నీళ్లలో కలిపి తాగితే కరుగుతుందని కొందరు అంటుంటారు. బొప్పాయి ఎంజైమ్ కదా, పనిచేస్తుందా?

పౌచ్_పాఠాలు
తాగకండి. ఒకప్పుడు గొంతులో ఇరుక్కున్న మాంసానికి వైద్యులే వాడేవారు. అది మాంసానికీ అన్నవాహిక గోడకీ తేడా చూడదు, చిల్లు పడ్డ సందర్భాలున్నాయి, అందుకే మానేశారు. పచ్చి మాంసానికి వండేముందు పట్టించడం వేరు విషయం.

పట్టేసిందంటే గుర్తులివి: ఛాతీ మధ్యలో ఒత్తిడి, ఎక్కిళ్లు, ముక్కు కారడం, నోట్లో చిక్కటి నురగ. వెంటనే తినడం ఆపాలి. నీళ్లు తాగి కిందికి నెడదామనుకోవద్దు. దారి మూసుకుపోయింది, నీళ్లు దాని పైన నిలిచి నొప్పి పెంచుతాయి. లేచి నిలబడి నెమ్మదిగా నడవాలి. ఎక్కువసార్లు కిందికి దిగుతుంది, లేదా పైకొస్తుంది. ఆ రోజు మిగతా పూటలు ద్రవాలే, లోపల వాచి ఉంటుంది కాబట్టి. మర్నాడు ప్యూరీ.

ఉమ్మి కూడా దిగకపోతే, ద్రవాలు నిలవకపోతే, తీవ్రమైన నొప్పి, జ్వరం, గుండె దడ, రక్తం ఏదున్నా ఆసుపత్రికి. ఇంకొకటి: మొన్న చికెన్ పట్టేసింది, నిన్న గుడ్డు, ఇవాళ ప్యూరీ కూడా, ఇలా ఒక్కొక్కటీ పడకుండా పోతుంటే అది వంట తప్పు కాదు. బైపాస్‌లో ఒకటి నుంచి మూడు నెలల మధ్య ఆ కొత్త ద్వారం కుంచించుకుపోవచ్చు, స్లీవ్‌లో గొట్టం మలుపు దగ్గర ఇరుకవ్వచ్చు. ఎండోస్కోపీలో బెలూన్‌తో వెడల్పు చేస్తారు. రోజుల తరబడి వాంతులైతే ఒంట్లో థయమిన్ (విటమిన్ బి1) పడిపోతుంది. చూపు రెండుగా కనబడటం, నడక తూలడం దాకా ఆగకూడదు. డాక్టరుకి వాంతుల సంగతి ముందే చెప్పాలి, గ్లూకోజ్ ఎక్కించేముందు థయమిన్ ఇవ్వాల్సి ఉంటుంది.

గ్రాముల_లెక్క
సరే, మొదటి నెలకి తొడ ప్యూరీ అంటే ఒప్పుకుంటాను. మామూలు తిండికి వచ్చాక మాత్రం బ్రెస్టే. అప్పుడు పూటకి 60 గ్రాములు, తేడా మూడున్నర గ్రాములు. రోజుకి రెండు పూటలు వేసుకుంటే ఏడు.

మెత్తనిముద్ద
ఆ ఏడు గ్రాములు తక్కువేం కాదు, ఒప్పుకున్నాను. అయితే ఒక షరతు: బఠాణీ గింజంత ముక్క, 20, 30 సార్లు నమలడం, పూటకి 20 నిమిషాలు, తిన్నాక అరగంట దాకా నీళ్లు లేవు. ముక్కకి పులుసు అద్దుకోవచ్చు, అది తాగడం కిందికి రాదు. ఆకలి మీద వేసే మొదటి ముద్దే ఎక్కువగా ఇరుక్కుంటుంది కాబట్టి, మొదటి రెండు ముద్దలు పెరుగో మెత్తటి కూరో తిని ఆ తర్వాత బ్రెస్ట్ మొదలుపెట్టమంటాను.

పౌచ్_పాఠాలు
బైపాస్‌లో ఆ చివరి మాటకి అడ్డు చెప్తాను. కూరతో చోటు నింపితే మాంసానికి మిగలదు, ప్రొటీన్ ముందు అన్న నియమం అందుకే ఉంది. పెరుగైతే సరే, అదీ ప్రొటీనే.