స్కిమ్మింగ్‌కు తెలుగుల ఒక్క మాట సరిపోతదా?

స్కిమ్మింగ్ అనే ఇంగ్లిషు మాటను తెలుగుల ఏమంటరని ఒకలు అడిగిన్రు, కింద కామెంట్లల్ల అందరు "పైపైన చదవడం" అని రాసి ఊకున్నరు, అది చదువుకాడికి అయినా నాకు నచ్చలే, మిగతా వాటికైతే అస్సలు అతుకది.

మొదలు స్కిమ్మింగ్ అనేది పొయ్యికాడి మాట. దాలి మీద బర్రెపాలు పొద్దంత కాగితే మీద ఎర్రగ మందంగ మీగడ కడ్తది, గంటెతోని అంచుల పొంటి ఇడిపిచ్చి మెల్లగ తీస్తరు. అదే మటన్ ఉడికేటప్పుడు మీదికొచ్చే నురుగును తీసి పారబోస్తరు. ఒకటి దాసుకునేది, ఒకటి పారేసేది, మనకు వేరే వేరే మాటలున్నయి, ఇంగ్లిషుల రెండూ స్కిమ్మింగే. డెయిరీల మిషన్ పెట్టి వెన్న గుంజిన పాలు స్కిమ్డ్ మిల్క్, అండ్ల వెన్న 0.5 శాతం దాటొద్దు, టోన్డ్ పాలల్ల 3 శాతం ఉంటది, శానమంది రెండూ ఒకటే అనుకుంటరు గని కాదు.

ఇగ చదువు సంగతి. మన దిక్కు "పిల్లగాడు పైపైన సదివిండు" అంటే శ్రద్ధ లేదని తిట్టినట్టు. స్కిమ్మింగ్ అట్ల కాదు, హెడ్డింగులు, పేరా మొదటి వాక్యం, ఆఖరి ముచ్చట చూసి సంగతేందో పట్టుకునుడు, అది నేర్చుకోవాల్సిన పని. నేనైతే "తిరగేసుడు" అంట. ఒక పేరో తారీఖో దేవులాడుడు స్కానింగ్, దాన్ని దీంట్ల కలపొద్దు.

పైసలకాడ ఇంకోతీరు. గల్లా మీద కూసున్నోడు బిల్లు కొట్టకుండ 500 నోటు జేబుల ఏసుకుంటే అది స్కిమ్మింగ్. లెక్కల ఎక్కకముందే తీస్తడు కాబట్టి పుస్తకంల అంత సక్కగనే కనవడ్తది, పట్టుకునుడు కష్టం. దీనికి "నొక్కేసుడు" మస్తు కుదుర్తది.

ఏటీఎంల కార్డు పెట్టే సందుకు దొంగ రీడర్ అతికిచ్చి కార్డు ఎనుక నల్లపట్టీల ఉన్న వివరాలు కాపీ కొడ్తరు, పిన్ కోసం మీద చిన్న కెమెరా పెడ్తరు, కార్డేమో మన జేబులనే ఉంటది. ఇసొంటి మోసాలు ఆపనీకే గదా రిజర్వ్ బ్యాంక్ 2018 డిసెంబర్ 31 కల్లా ఉట్టి నల్లపట్టీ కార్డుల బదులు చిప్ కార్డులు ఇయ్యమన్నది. ఇక్కడ మాత్రం తెలుగు కోసం కొట్లాడకుండ్రి, స్కిమ్మింగ్ అనే రాయుండ్రి, బ్యాంకుకు ఫోన్ చేసినోనికి ఆ మాటనే పనికొస్తది.

పానగల్లు ఉదయసముద్రం అసొంటి చెరువుల పల్చటి చిల్లపెంకు పక్కకు వంగి ఇసిరితే నీళ్లమీద దుంకుకుంట పోతది, అదీ స్కిమ్మింగే. పాలమూరోళ్లు, దేవరకొండోళ్లు, ఆ ఆటను మీ ఊర్ల ఏమంటరో కింద రాయుండ్రి.