దోశ చిరిగిందని అరగంట ఏడుపు. మీ ఇళ్లలో పిల్లల కోపాన్ని ఎలా తట్టుకుంటున్నారు?

ఏడురోడ్ల అమ్మ (కడప):
మావాడికి నాలుగు నిండాయి. నిన్న పొద్దున పెనం మీది నుంచి తీస్తుంటే కారం దోశ మధ్యకు చిరిగింది. "అతికించు" అని మొదలుపెట్టాడు. ఇంకోటి వేస్తానన్నా వద్దంట, అదే దోశ కావాలి, అది అతకాలి. ప్లేటు తోసేస్తే ఎర్రకారం గోడకు కొట్టుకుంది. మా అత్త "రెండు తగిలించు" అంటుంది, మా ఆయన ఫోన్ చేతిలో పెట్టేస్తాడు. చివరికి నేనే ఇల్లు ఎగిరిపోయేలా అరిచి, తర్వాత బాత్రూంలోకి పోయి ఏడ్చాను. అడిగేవి మూడు. తనకొచ్చింది కోపమో భయమో ఇంత చిన్నోడికి తెలిసేలా ఎలా చెప్పాలి? ఇంట్లో అందరం ఒక్క మాట మీద ఎలా ఉండాలి? జూన్‌లో బడికి పంపాలి, అక్కడా ఇదే చేస్తే?

గట్టుమీద (కర్నూలు):
నాలుగేళ్ల పిల్లోడికి కారం దోశా? ముందు అది మాన్పించమ్మా. కడుపులో మంట పెట్టి నెత్తికెందుకు ఎక్కిందంటే ఎలా?

సంగటి ముద్ద (కడప):
అన్నా, మా పక్క పాలు మరిచిన మర్నాడే కారం దోశ. మా ఇంట్లో ముగ్గురూ అట్లే పెరిగారు, ఎవరూ గోడకు కొట్టలేదు.

గట్టుమీద (కర్నూలు):
మీ ముగ్గురి సంగతి మీ ఇంట్లోవాళ్లను అడగాలి. మేమైతే పిల్లలకు ఉగ్గాని పెడతాం, బజ్జీలో మిరపకాయ తీసేసి.

సంగటి ముద్ద (కడప):
మిరపకాయ తీసేసిన మిరపకాయ బజ్జీ! కర్నూలోళ్లకే చెల్లింది.

బుడ్డల చేను (అనంతపురం):
దోశ గొడవ మీరు మీరు తేల్చుకోండి. మా పాపకు ఏడేళ్లు. అష్టాచెమ్మాలో కాయ చచ్చిందంటే పలక తిరగేస్తుంది. నేను ఏడాది పాటు "కోపం తగ్గించుకో, కోపం మంచిది కాదు" అని పాఠం చెప్పా. ఒకరోజు మా నాయన చింతగింజలు ఏరుకుంటూ "ఇది కోపం కాదులే పాపా, ఉడుకు. ఓడిపోతే వచ్చేది ఉడుకు. నాకూ వస్తుంది, చూడు చెవులు ఎర్రగా అయినాయా?" అన్నాడు. అది వెళ్లి ఆయన చెవులు పట్టుకుని చూసింది. తర్వాత అద్దంలో తన చెవులు చూసుకుంది. ఇప్పుడు ఓడిపోతుందనగా "తాతా, ఉడుకొస్తాంది" అని ముందే చెప్పి, వసారాలో ఒక చుట్టు తిరిగొస్తుంది. పలక ఇంకా తిరగేస్తుంది, కాకపోతే వారానికోసారి.

బెల్లు మోత (కర్నూలు):
33 ఏళ్లు బళ్లో చెప్పి రిటైరయ్యాను. వేలమందిని చూశాను. ఈ పేర్లు పెట్టడాలు, చెవులు చూడడాలు మా కాలంలో లేవు. కంటిచూపుతో క్లాసు నిశ్శబ్దం. అవసరమైతే బెత్తం. వాళ్లే ఇప్పుడు ఇంజనీర్లు, బస్టాండులో కనబడితే కాళ్లకు దండం పెడతారు.

చెరువుకట్ట (అనంతపురం):
సార్, విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. పిల్లల్ని కొట్టడం, మనసు నొప్పించేలా వేధించడం రెండూ కూడదని 17వ సెక్షన్‌లో ఉంది. మీరు బెత్తం సంగతి ఇంత గొప్పగా చెప్పుకుంటున్నారు కాబట్టి గుర్తు చేస్తున్నా.

బెల్లు మోత (కర్నూలు):
సెక్షన్లు నాకు నేర్పొద్దు. నేను సర్వీసులో చేరేనాటికి నువ్వు పుట్టావో లేదో.

చెరువుకట్ట (అనంతపురం):
పుట్టాను సార్. అలాంటి క్లాసులోనే కూర్చున్నాను. ఎనిమిదో తరగతిలో లెక్క తప్పినందుకు కాదు, ఏడ్చినందుకు రెండో దెబ్బ పడింది. "ఆడపిల్లలా ఏడుస్తావా" అని. ఇప్పుడు నాకు 38. మా అమ్మ పోయిన రోజు కూడా కన్నీళ్లు రాలేదు. పదకొండో రోజు వంటవాళ్ల మీద ఊరంతా వినేలా అరిచాను, సాంబారులో ఉప్పు తక్కువని. ఆ నిశ్శబ్దమైన క్లాసు నుంచి నేను తెచ్చుకున్నది ఇదీ.

సంగటి ముద్ద (కడప):
అన్నా...

బెల్లు మోత (కర్నూలు):
నీ సంగతి వేరు నాయనా. నేను అందరినీ ఒక గాటన కట్టలేదు.

జేజి (కడప దగ్గర పల్లె):
మా మనవరాలు ఈ ఫోన్‌లో టైపు చేసి పెడుతుంది, నేను చెప్తున్నా. నా కూతురు కువైట్‌లో ఉంది, రెండేళ్లాయె. దాని కొడుకు నా దగ్గరే, మూడేళ్లు. వీడియోలో అమ్మ కనిపిస్తే ముఖం తిప్పుకుంటాడు, ఫోన్ విసిరేస్తాడు. అందరూ పొగరంటారు. పొగరు కాదమ్మా, బెంగ. పోయినోళ్ల మీద అలిగితే అట్లే ఉంటుంది. నేను వాళ్లమ్మ పాత చీర మడిచి దిండు కింద పెట్టినా, దాన్ని పట్టుకుని పండుకుంటాడు. నాకున్న భయం ఇంకొకటి. గట్టిగా ఏడ్చి ఏడ్చి ఊపిరి బిగబట్టి నీలంగా అయిపోతాడు, ఒకసారి వేలాడిపోయినాడు. గాలి సోకిందని తాయెత్తు కట్టించినా. ఒక ఆసుపత్రికి తీసుకుపోతే చూడకుండానే "గారాబం ఎక్కువ" అని పంపించేసినారు.

తెల్ల కోటు అక్క (కర్నూలు):
పెద్దమ్మా, నేను పిల్లల వార్డులో నర్సుని. ఏడుస్తూ ఊపిరి బిగబట్టడం ఆరు నెలల నుంచి ఆరేళ్ల లోపు పిల్లల్లో చూస్తుంటాం. కావాలని చేసేది కాదు. ఎక్కువమందికి పెద్దయ్యేకొద్దీ అదే పోతుంది. కానీ రక్తంలో ఐరన్ తక్కువున్న పిల్లల్లో ఇది ఎక్కువ, ఐరన్ మందుతో తగ్గేవాళ్లూ ఉన్నారు. కాబట్టి పిల్లల డాక్టర్‌కు చూపించి రక్తపరీక్ష చేయించండి, మందు మాత్రం మీరుగా కొనిపెట్టొద్దు. మళ్లీ అలా అయితే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో వేలు, చెంచా, నీళ్లు ఏవీ పెట్టొద్దు. ఏడుపు లేకుండా పడిపోయినా, నిమిషం దాటినా వెంటనే ఆసుపత్రికి. తాయెత్తు ఉంటే ఉండనీ, దారం మాత్రం మెడకు బిగుతుగా లేకుండా చూడండి.

జేజి (కడప దగ్గర పల్లె):
దారం నడుముకు కట్టినాములే తల్లీ. చల్లగా ఉండు.

పేరెంటింగ్ నిపుణి (కర్నూలు):
అందరికీ నమస్కారం. నేను చైల్డ్ సైకాలజీలో సర్టిఫికెట్ కోర్సు చేశాను, వర్క్‌షాపులు కూడా తీసుకుంటాను. మీరంతా అనుభవాలు చెబుతున్నారు, సైన్స్ చెప్పడం లేదు. ఆవేశాన్ని అదుపు చేసే మెదడు ముందు భాగం పూర్తిగా తయారయ్యేది ఇరవై అయిదేళ్ల ప్రాంతంలో. నాలుగేళ్లవాడిని "అదుపులో ఉండు" అంటే ఎలా ఉంటాడు? మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఎమోషన్ చార్ట్ ఉంది. ఫ్రస్ట్రేటెడ్, యాంగ్షియస్, ఓవర్‌వెల్మ్‌డ్... పిల్లలు వచ్చి వేలు పెట్టి చూపిస్తారు. తెలుగులో ఇన్ని మాటలు లేవు, అదే మన సమస్య.

బుడ్డల చేను (అనంతపురం):
మెదడు సంగతి ఒప్పుకుంటా. తెలుగులో మాటలు లేవంటే మాత్రం ఊరుకోను. అలక, ఉడుకు, బెంగ, చిరాకు, ఉక్రోషం, మారాం, పేచీ, గునుపు, బిత్తరపోవడం, చిన్నబుచ్చుకోవడం. ఒక్క చిన్నబుచ్చుకోవడానికి మీ చార్టులో ఏ బొమ్మ ఉందో చెప్పండి మేడమ్.

పేరెంటింగ్ నిపుణి (కర్నూలు):
మారాం, పేచీ ఎమోషన్స్ కావు, ప్రవర్తన. తేడా తెలియకుండా జాబితా రాస్తే ఎలా?

రంగు పూసినవాడు (కడప):
సురభి నాటకాలు 1885లో మా జిల్లా సురభి ఊళ్లోనే మొదలయ్యాయి కాబట్టి నాకూ మాట్లాడే హక్కుంది. ఊరి నాటకాల్లో ఇరవై ఏళ్లుగా దుర్యోధనుణ్ణి. మాకు మా గురువు చెప్పింది: నటనలో నిలిచి ఉండే భావాలు, అంటే స్థాయీభావాలు, ఎనిమిది, క్రోధం వాటిలో ఒకటి. వచ్చిపోయే సంచారి భావాలు 33. అసూయ, దైన్యం, వ్రీడ అంటే సిగ్గు, చింత. పైకి క్రోధం ఆడుతున్నా లోపల ఏ సంచారి తిరుగుతోందో తెలియకపోతే ఆ పాత్ర తేలిపోతుందనేవాడు. మయసభ తర్వాత దుర్యోధనుడిది కోపమా? జారిపడ్డప్పుడు నవ్వారన్న సిగ్గు కదా! ఇంకో సంగతి, శ్రమ, నిద్ర కూడా ఆ 33లోనే ఉన్నాయి.

రెండో కాన్పు (అనంతపురం):
నిద్ర ఉందా? అయితే మా ఇంట్లో ఉన్నది అదొక్కటే సంచారి. మధ్యాహ్నం పడుకోకపోతే ఆరింటికి మా పిల్ల దుర్యోధనుడే. మే నెలలో కరెంటు పోయిందా, ఇక భీముడు కూడా.

మూడో షిఫ్టు (కడప):
దోశ అమ్మ గారూ, ఆ ఫోన్ చేతిలో పెట్టే మొగుళ్లలో నేనొకణ్ణి. రాత్రి డ్యూటీ చేసి పొద్దున ఏడింటికి వస్తా. ఆ ఏడుపు వింటే నా తల పగిలిపోతుంది, ఫోన్ ఇస్తే ఆగిపోతుంది. రెండేళ్ల నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిందని మా ఆవిడ గోడకు రాసి పెట్టింది. చదువుతూనే ఇస్తున్నా. తప్పని తెలుసు. నిద్రలేనివాడికి తప్పు తెలిస్తే ఏం లాభం?

తెల్ల కోటు అక్క (కర్నూలు):
తమ్ముడూ, పొద్దున ఆ ఏడుపు వేళ నువ్వు వేరే గదిలో పడుకో, అంతే. గొడవ తీర్చడం నీ వంతు కాదనుకో. మనసుకు మరీ భారంగా ఉంటే 14416 అని టెలీ మానస్ నంబరుంది, మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం, ఖర్చు ఉండదు, తెలుగులో మాట్లాడతారు. పిల్లల కోసం పెద్దలూ చేయొచ్చు, తమ కోసమూ చేయొచ్చు.

గట్టుమీద (కర్నూలు):
ఇంతకీ కారం దోశ సంగతి ఎవరూ తేల్చలేదు.

చర్చ కాపలా:
దోశ మీద వేరే చర్చ పెట్టుకోండి. ఇక్కడ ఇంకోసారి మిరపకాయ పేరెత్తితే తీసేస్తా.

ఏడురోడ్ల అమ్మ (కడప):
నిన్నటి నుంచి ఇప్పుడే కూర్చున్నా, అన్నీ చదివాను. మా అత్తకు జేజి గారి పోస్టు పైకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు, వెళ్లి వాణ్ణి ఒళ్లో వేసుకుంది. బడి గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు! రాత్రి వాడితో "నిన్న దోశ చిరిగితే నీకు ఉక్రోషం వచ్చింది కదా" అన్నాను. చాలాసేపు ఆలోచించి "కాదు, దోశకు నొప్పి వచ్చింది" అన్నాడు. దీనికి ఆ 33లో ఏముందో రంగు పూసిన అన్న చెప్పాలి. ఇవాళ దోశ మాత్రం చిరగలేదు. నీళ్లు పోసింది ఎర్ర గ్లాసులో కాదంట. పిలుస్తున్నాడు, మళ్లీ వస్తా.